హా జాంగ్‌లో 70 లక్షల ఫైన్: ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫైల్

2025 మార్చి, గురువారం మధ్యాహ్నం. భోజనానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. అవతల ఒకావిడ ఏడుపు గొంతు. "సార్, మా వారికి వియత్నాంలో 70 లక్షలు ఫైన్ వేశారట. ఉన్న ఫ్లాటు అమ్మినా అంత రాదు సార్."

"రూపాయలా, డాంగ్‌లా అమ్మా?" అని అడిగాను.

కాసేపు మాట లేదు. తర్వాత "అదేంటో, ఆయన లక్షలు అన్నారు" అంది. మన రూపాయికి అప్పట్లో దాదాపు 300 డాంగ్‌లు. 70 లక్షల డాంగ్‌లంటే 23, 24 వేల రూపాయలు. ఆ మాట చెప్పగానే ఆవిడ నవ్వేసింది, నేనూ నవ్వాను. కట్టేసి రసీదు జాగ్రత్తగా పెట్టుకోమని చెప్పి అన్నంలో చెయ్యి పెట్టాను. ఫైన్ ఎందుకు వేశారని మాత్రం అడగలేదు. పద్దెనిమిదేళ్లుగా ఇన్సూరెన్స్ క్లెయిముల పనిలో ఉన్నవాణ్ణి, మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

శనివారం రాత్రి ఆవిడే మళ్లీ చేసింది. ఈసారి చెప్పిన లెక్కలన్నీ రూపాయల్లోనే ఉన్నాయి.

ఈ ఫైల్ గురించి రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇన్సూరెన్స్ కంపెనీ, బండి అద్దెకిచ్చిన షాపు, హాస్పిటల్ పేర్లు కూడా రాయడం లేదు.

ఎవరు, ఎక్కడ

ఫోన్ చేసినావిడ భర్తే నా క్లయింట్, 34 ఏళ్లు. సొంతూరు తెనాలి దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. లడఖ్‌కి రెండుసార్లు బైక్ మీద వెళ్లొచ్చినవాడు కాబట్టి బండి నడపడం రాదని ఎవరూ అనలేరు. వెంట వెళ్లింది బావమరిది, 26 ఏళ్లు. వాడికి కారు లైసెన్స్ ఒక్కటే ఉంది, అందుకని ట్రిప్పంతా బావ వెనకే కూర్చున్నాడు. ఆ సంగతే తర్వాత వాడికి కలిసొచ్చింది.

హైదరాబాద్ నుంచి హనోయి చేరి, అక్కడి నుంచి 300 కిలోమీటర్లు బస్సులో ఉత్తరానికి, చైనా సరిహద్దు పక్కనున్న హా జాంగ్‌కి వెళ్లారు. రాసేటప్పుడు హా గియాంగ్ అని రాస్తారు, పలకడం హా జాంగ్. అక్కడి నుంచి క్వాన్ బా, యెన్ మిన్, డోంగ్ వాన్, మెయో వాక్ మీదుగా చుట్టి వచ్చే కొండదారిని లూప్ అంటారు. సుమారు 350 కిలోమీటర్లు, మూడు నాలుగు రోజుల ప్రయాణం. డోంగ్ వాన్, మెయో వాక్‌ల మధ్య మా పి లెంగ్ కనుమ ఉంటుంది. కింద న్యో క్వె నది పచ్చగా సన్నని గీతలా కనిపిస్తుంది. ఫొటోలు చూశాక వెళ్లినవాళ్లను తప్పుపట్టడం కష్టమే.

క్లయింట్ జేబులో ఐడీపీ ఉంది. మన ఆర్‌టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. వెయ్యి రూపాయల ఫీజు, ఏడాది గడువు. మోటార్ సైకిల్ గడిలో ముద్ర సరిగ్గా ఉంది, ఒరిజినల్ లైసెన్స్ కూడా వెంట ఉంది. అంతా పద్ధతిగా చేసుకున్న మనిషి. వచ్చిన చిక్కు ఆ పుస్తకం అట్ట మీద ఉన్న ఏడాది దగ్గర.

1949, 1968

రోడ్డు రవాణా మీద అంతర్జాతీయ ఒప్పందాలు ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి 1949లో జెనీవాలో కుదిరింది, ఇంకొకటి 1968లో వియన్నాలో. మన దేశం ఐడీపీ ఇచ్చేది జెనీవా ఒప్పందం ప్రకారం. వియత్నాం 2014లో వియన్నా ఒప్పందంలో చేరింది, ఆ ఒప్పందం కింద ఇచ్చిన ఐడీపీలనే గుర్తిస్తుంది. అంటే మన పుస్తకం మీద ఎన్ని ముద్రలున్నా అక్కడి పోలీసు లెక్కలో చేతిలో లైసెన్స్ లేనట్టే. ఈ బాధ మనకొక్కరికే లేదు. అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లదీ ఇదే పరిస్థితి. బ్రిటన్ వాళ్లు 2019 నుంచి 1968 రకం కూడా ఇస్తున్నారు కాబట్టి వాళ్లకి దారి ఉంది. 1968 రకం ఉన్నవాళ్లు కూడా సొంత దేశపు లైసెన్స్ వెంట ఉంచుకోవాల్సిందే.

పేరులో ఇంటర్నేషనల్ అని ఉంది కదా అని క్లయింట్ నాతో పదిసార్లు అన్నాడు. పేరుకేం, మా వీధిలో ఇంటర్నేషనల్ టిఫిన్ సెంటర్ ఉంది.

టూరిస్టుకి ఇక మిగిలే దారులు తక్కువ. 50 సీసీ లోపు చిన్న బండికి అక్కడ లైసెన్స్ అడగరు. అది కాకపోతే ఈజీ రైడర్ పద్ధతి ఉంది. స్థానిక డ్రైవర్ నడుపుతాడు, మనం వెనక కూర్చుంటాం. మూడు నెలలకు తగ్గకుండా అక్కడ ఉండే అనుమతి ఉన్నవాళ్లయితే సొంత లైసెన్స్ చూపించి వియత్నాం లైసెన్స్‌గా మార్పించుకోవచ్చు. వారం రోజుల ట్రిప్పుకి వెళ్లినవాడికి ఆ దారి లేదు.

అదే బండి, కొత్త గీత

షాపులో తీసుకున్నది హోండా ఎక్స్ఆర్150. కొండదారికి సరైన బండే. కానీ కాలం కలిసిరాలేదు.

వియత్నాంలో 2025 జనవరి 1 నుంచి 168 నంబర్ డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) అమల్లోకి వచ్చింది. దాంతో జరిమానాలు బాగా పెరిగాయి. బైక్ మీద రెడ్ లైట్ దాటితే అంతకు ముందు 8 నుంచి 10 లక్షల డాంగ్‌లుండేది, 40 నుంచి 60 లక్షలైంది. వేగం గంటకు 20 కిలోమీటర్లకు మించి ఎక్కువుంటే 60 నుంచి 80 లక్షలు. తాగి నడపడం విషయంలో 2020 నుంచే అక్కడ సున్నా అంటే సున్నా, ఒక్క బీరు తాగినా తప్పే. కనీస శ్లాబు 20 నుంచి 30 లక్షలు, పై శ్లాబు 80 లక్షల నుంచి కోటి. లూప్ దారిలోని హోమ్‌స్టేల్లో రాత్రి భోజనంతో పాటు మొక్కజొన్న సారా పోస్తారు, దానికి హ్యాపీ వాటర్ అని ముద్దుపేరు. రాత్రి తాగింది పొద్దున్నే గొట్టంలో ఊదితే కనబడుతుంది. మావాళ్లు ఆ విషయంలో మాత్రం బుద్ధిగానే ఉన్నారు.

లైసెన్స్ లేకపోవడానికి పాత లెక్కలో 175 సీసీ దగ్గర గీత ఉండేది. దానికి లోపు బండి అయితే 10 నుంచి 20 లక్షల డాంగ్‌లు. కొత్త చట్టంలో ఆ గీతను 125 సీసీకి దించారు. 125 వరకు 20 నుంచి 40 లక్షలు, అంతకు మించితే 60 నుంచి 80 లక్షలు. అంటే 2024 డిసెంబరులో కింది శ్లాబులో ఉన్న 150 సీసీ బండి జనవరి ఒకటో తేదీ పొద్దున్న లేచేసరికి పై శ్లాబులోకి ఎక్కి కూర్చుంది. క్లయింట్ బయల్దేరే ముందు చూసిన వీడియోలన్నీ 2023, 2024 నాటివి. వాటిలో అందరూ "మహా అయితే నాలుగైదు వేల రూపాయలు పోతాయి బ్రో" అన్నవాళ్లే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లు వెళ్లినప్పటి లెక్క అది.

హా జాంగ్ ఊరు దాటి క్వాన్ బా వైపు ఎక్కుతుంటే చెక్ దగ్గర ఆపారు. పోలీసు ఐడీపీ తీసుకుని లోపలి పేజీలు తిప్పను కూడా తిప్పలేదట. అట్ట చూసి, 1949 అన్న అంకె మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు. అక్కడ పద్ధతి ప్రకారం తీవ్రత పెంచే, తగ్గించే కారణాలు లేకపోతే శ్లాబు మధ్య మొత్తం వేస్తారు. అందుకే 70 లక్షలు. బండిని పట్టుకుని యార్డుకి పంపారు, అలా ఏడు రోజుల దాకా ఉంచుకోవచ్చు. మొత్తం చిన్నదైతే తప్ప అక్కడికక్కడ చేతికి డబ్బిచ్చి తేల్చుకునే పద్ధతి లేదు. బియెన్ బాన్ అనే పంచనామా లాంటి కాగితం రాస్తారు, మనతో సంతకం పెట్టిస్తారు, తర్వాత జరిమానా నిర్ణయం వస్తుంది, దాన్ని బట్టి బ్యాంకులోనో ఆన్‌లైన్‌లోనో కట్టాలి.

ఇక్కడ హైదరాబాదీ అలవాటు ఒకటి చెప్పాలి. మనకి చలానా వస్తే ఫోన్‌లో మెసేజ్ చూసి పక్కన పెట్టేస్తాం. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం మాఫీ ఇచ్చారు, 2023 డిసెంబరులో 80 శాతం ఇచ్చారు. మళ్లీ ఇస్తారులే అని ఆగేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. వియత్నాంలో ఆగడానికి లేదు. బండి యార్డులో ఉంటుంది, అద్దె మీటర్ తిరుగుతుంటుంది. జరిమానా నిర్ణయాన్ని ఇంకా పాటించని విదేశీయుణ్ణి దేశం దాటకుండా తాత్కాలికంగా ఆపే అధికారం కూడా వాళ్ల వలస చట్టంలో ఉంది.

క్లయింట్ మర్నాడు పొద్దున్నే కట్టేశాడు. నేను చెప్పినట్టే రసీదు జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

"ఫైన్ కట్టేశాం కదా"

మన దగ్గర ఇంకో నమ్మకం ఉంది. పొద్దున ఒకచోట హెల్మెట్ లేదని చలానా పడితే, ఆ రోజుకి అయిపోయినట్టే, సాయంత్రం ఇంకెవరు ఆపినా అది చూపించి వెళ్లిపోవచ్చని. క్లయింట్ సరిగ్గా ఇదే అనుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం వేరే షాపులో 110 సీసీ సెమీ ఆటోమేటిక్ బండి తీసుకున్నాడు. "చిన్న బండే కదా బావా, దీనికి ఆపరు" అన్నది బావమరిది. "ఆపితే రసీదు చూపిద్దాం" అన్నది బావ. షాపువాడు ఐడీపీ అడిగాడు, చూశాడు, తాళం ఇచ్చాడు. అర్హత లేనివాడి చేతికి బండి ఇస్తే యజమానికి కూడా 80 లక్షల నుంచి కోటి డాంగ్‌ల దాకా పడుతుంది. అయినా సీజన్లో ఎవరు ఆగుతారు.

ఆ రసీదులో ఏం రాసుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. వియత్నామీస్‌లో ఉంది. 'లైసెన్స్ లేకుండా మోటార్ సైకిల్ నడిపిన నేరం' అని ఉంది. అంటే ఫలానా తేదీ నుంచి తన పర్మిట్ ఇక్కడ చెల్లదని తనకు తెలుసని ఒప్పుకున్న కాగితాన్ని, తన సంతకంతో, పర్సులో పెట్టుకుని మళ్లీ బండెక్కాడు.

శనివారం, డోంగ్ వాన్ దాటాక. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగారు. తాగి, ఫొటోలు తీసుకుని, బయల్దేరారు. వియత్నాంలో బండ్లు కుడివైపు నడుస్తాయి. ట్రాఫిక్ మధ్యలో ఉన్నంతసేపు ముందువాణ్ణి చూసి వెళ్తాం కాబట్టి ఇబ్బంది ఉండదు. ఖాళీ రోడ్డు మీద, ఆగిన చోటి నుంచి మళ్లీ ఎక్కేటప్పుడే పాత అలవాటు చెయ్యి పట్టుకుని ఎడమకి లాగుతుంది. ఈ పనిలో నేను చూసిన విదేశీ బైక్ ప్రమాదాల్లో ఇలాంటివి ఇది నాలుగోది. నాలుగింట్లోనూ బండి టీ కొట్టు నుంచో పెట్రోల్ బంకు నుంచో అప్పుడే బయటికొచ్చింది. క్లయింట్ వంద మీటర్లు ఎడమ పక్కన వెళ్లాడు. మలుపులో ఎదురుగా ఒక స్థానికురాలు, బండి వెనక పశువుల మేత మోపు కట్టుకుని వస్తోంది.

ఆవిడకి మణికట్టు విరిగింది. క్లయింట్‌కి కుడి కాలి పిక్క ఎముక రెండు చోట్ల విరిగింది. బావమరిదికి కాలర్ బోన్. ముగ్గురికీ హెల్మెట్లున్నాయి, ముగ్గురూ బతికారు.

అక్కడ తేలిన లెక్క

మనకి దూరం నుంచి టెన్షన్ పెట్టింది క్రిమినల్ కేసు సంగతి. వియత్నాం శిక్షాస్మృతి 260వ అధికరణం ప్రకారం ట్రాఫిక్ తప్పు వల్ల మనిషి చనిపోయినా, లేదా గాయం తీవ్రత 61 శాతానికి చేరినా అది నేరం. మామూలుగా ఒకటి నుంచి ఐదేళ్లు. నడిపినవాడికి లైసెన్స్ లేకపోతే అదే మూడు నుంచి పదేళ్లు. మణికట్టు విరగడం ఆ శాతానికి చాలా దూరం. కాబట్టి వ్యవహారం జరిమానా, నష్టపరిహారం దగ్గర ఆగింది. ఆవిడ తలకి దెబ్బ తగిలి ఉంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది, లేదా అసలు ఉండేదే కాదు.

పరిహారం మాట్లాడుకున్నారు. ఆవిడ వైద్యానికి, పని పోయిన రోజులకి కలిపి 2 కోట్ల 50 లక్షల డాంగ్‌లు, అంటే సుమారు 84 వేల రూపాయలు. ఆ ఇంటివాళ్లు ఎక్కువ అడగలేదని క్లయింటే చెప్పాడు. ఆవిడ భర్త హాస్పిటల్‌కి అరటిపళ్లు తెచ్చాడట. బండి రిపేరుకి ఇంకో 90 లక్షల డాంగ్‌లు.

"బండికి ఇన్సూరెన్స్ ఉంటుంది కదా సార్, థర్డ్ పార్టీ?" అని క్లయింట్ మామగారు నన్నడిగారు. ఉంది. అక్కడా తప్పనిసరే, బైక్ ప్రమాదంలో గాయపడ్డ మనిషికి 15 కోట్ల డాంగ్‌ల దాకా వస్తుంది. కానీ నడిపినవాడికి చెల్లే లైసెన్స్ లేకపోతే ఆ పాలసీ బాధ్యత తీసుకోదు. మన దగ్గర 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి వేరు. లైసెన్స్ గొడవ ఉన్నా కోర్టు చెబితే కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. ఆ ధైర్యం మన ఒంట్లో ఉంది, దాన్ని విమానంలో వేసుకెళ్తాం.

మొదటి ఫైన్, రెండో ఫైన్, పరిహారం, రిపేరు, మార్చుకున్న టికెట్లు అన్నీ కలిపినా రెండు లక్షల పై చిల్లర. పెద్ద దెబ్బ హాస్పిటల్ దగ్గర పడింది. హా జాంగ్‌లో కట్టు కట్టి, హనోయిలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఆపరేషన్ చేసి కాలిలో రాడ్ వేశారు. బిల్లు 7 లక్షల 60 వేలు. బావమరిదికి 2 లక్షల 10 వేలు. ఇద్దరికీ ఒకే కంపెనీలో ట్రావెల్ పాలసీ ఉంది, చెరి 50 వేల డాలర్ల కవర్. ఆ అంకె చూసే ఇంటిల్లిపాదీ ధైర్యంగా ఉన్నారు.

రెండు తిరస్కరణలు

మే నెలలో ఒకే రోజు రెండు ఉత్తరాలొచ్చాయి. రెండూ ఒకే అచ్చు. చెల్లే లైసెన్స్ లేకుండా వాహనం నడుపుతూ జరిగిన గాయం కాబట్టి మినహాయింపు కిందికి వస్తుందని, పైగా ఇది సాహస క్రీడ అని.

క్లయింట్ ఫైల్ మీద నేను ఎక్కువ ఆశ పెట్టలేదు. అయినా ఒక వాదన ప్రయత్నించాం. పర్మిట్ భారత ప్రభుత్వం తరఫున సక్రమంగా ఇచ్చింది, మోటార్ సైకిల్ ముద్ర ఉంది, పాలసీ అమ్మినవాళ్లు వియత్నాం అని తెలిసే అమ్మారు, ఈ పర్మిట్ అక్కడ చెల్లదని ఎక్కడా హెచ్చరించలేదు. మొదటి ఫైన్ పడకపోయి ఉంటే ఈ వాదనకి కాస్త బలం ఉండేది. తెలియక, నమ్మకంతో నడిపాడని చెప్పుకోగలిగేవాళ్లం. గురువారం నాటి బియెన్ బాన్, శుక్రవారం నాటి రసీదు, శనివారం నాటి ప్రమాదం వరసగా పెట్టి చూస్తే ఎవరూ నమ్మరు. ఆ రసీదుని కంపెనీకి పంపింది క్లయింటే. ఖర్చుల జాబితాలో జరిమానా కూడా తిరిగొస్తుందేమోనని జత చేశాడు. నాకు చూపించకుండానే అప్‌లోడ్ చేసేశాడు. రసీదు జాగ్రత్త అన్నది నేనే కాబట్టి నేనూ ఏమీ అనలేకపోయాను.

ఇక బావమరిది సంగతి. ఇక్కడ ఫైల్ చదవడంలో ఉన్న మజా అంతా ఉంది.

పాలసీలో మినహాయింపు మాటలు మళ్లీ మళ్లీ చదివాను. బీమా చేసుకున్న వ్యక్తి లైసెన్స్ లేకుండా వాహనం 'నడుపుతుండగా' అని ఉంది. వెనక కూర్చున్నవాడు నడపడు. మరి కంపెనీ వాడికి కూడా అదే ఉత్తరం ఎలా పంపింది? పోలీసు రిపోర్టుకి జత చేసిన ఇంగ్లీషు అనువాదంలో దొరికింది. అందులో ఇద్దర్నీ కలిపి రైడర్స్ అని రాశారు, ఇద్దరు రైడర్లు మోటార్ సైకిల్ నడుపుతూ ప్రమాదానికి గురయ్యారని.

నాకు వియత్నామీస్ రాదు. కానీ ఇలాంటి కాగితాలు కొన్ని చూశాక రెండు మూడు మాటలు పట్టుబడ్డాయి. వాళ్ల భాషలో 'ది సె' అంటే బండి మీద వెళ్లడం, నడిపేవాడికీ కూర్చున్నవాడికీ సరిపోయే మాట. మనం "బండి మీద వెళ్లారు" అన్నట్టే. కానీ చట్టం కాగితంలో నడిపేవాడికి వేరే మాట ఉంది, 'దియెవ్ ఖియెన్', అంటే అదుపులో ఉంచి నడపడం. ప్రమాదం మీద రాసిన అసలు బియెన్ బాన్ స్కాన్ తెప్పించి, వియత్నామీస్ తెలిసిన ఒక అనువాదకురాలి చేత మాటకి మాట మళ్లీ చేయించాం. నడిపిన వ్యక్తి అన్నచోట క్లయింట్ పేరు ఒక్కటే ఉంది. బావమరిది పేరు పక్కన 'ఙువోయ్ ఙోయ్ సౌ', వెనక కూర్చున్న వ్యక్తి అని ఉంది. హెల్మెట్ పెట్టుకున్నాడని కూడా రాసుంది. జరిమానా నిర్ణయంలో వాడి పేరే లేదు. పోలీసులు చాలా శుభ్రంగా రాశారు, మధ్యలో అనువాదం చెడగొట్టింది.

ఈ స్కాన్ తెప్పించడం మాత్రం చిన్న పని కాలేదు. మేం ధ్రువీకరించిన కాపీ కోసం రాసేసరికి జూలై దాటింది. 2025 జూలై 1న హా జాంగ్ రాష్ట్రాన్ని పక్కనున్న తుయెన్ క్వాంగ్‌లో కలిపేశారు, దేశమంతటా జిల్లా స్థాయి పాలనే ఎత్తేశారు. మా కాగితం మీదున్న డోంగ్ వాన్ జిల్లా అన్నది అప్పటికి లేదు. ఎవరికి రాయాలో తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. మన దగ్గర 2022లో ఆంధ్రాలో జిల్లాలు 13 నుంచి 26 చేసినప్పుడు పాత ఫైళ్ల కోసం తిరిగినవాళ్లకి ఈ బాధ తెలుసు.

సాహస క్రీడ అన్న వాదనకి జవాబు పాలసీలోనే ఉంది. ఏవేవి సాహస క్రీడలో పట్టీ ఇచ్చారు. బంజీ జంప్ ఉంది, పర్వతారోహణ ఉంది, మోటార్ రేసింగ్ ఉంది. పబ్లిక్ రోడ్డు మీద అద్దె బండి వెనక కూర్చుని ప్రయాణించడం లేదు.

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం. నెల చూశాం, జవాబు రాలేదు. తర్వాత పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కి, లక్డీకాపూల్‌లో ఉన్న ఆఫీసుకి ఫిర్యాదు వెళ్లింది. తెలంగాణ, ఆంధ్ర రెండిటికీ అదే ఆఫీసు. అక్కడ ఫీజు లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. లాయరు, నాలాంటి కన్సల్టెంటు తరఫున వాదించడానికి వీల్లేదు, పాలసీదారే మాట్లాడాలి. అందుకని కాగితాలు నేను తయారుచేశాను, బావమరిదికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాను. "నువ్వు నడపలేదు. అదొక్కటే చెప్పు. బావ ఎలా నడిపాడని అడిగితే నాకు తెలియదను." వాడు తల గీక్కున్నాడు. "తెలుసు కదా అంకుల్, ఎడమవైపు వెళ్తుంటే వెనక నేను కూడా ఫొటోలు తీస్తున్నాను" అన్నాడు. ఆ ముక్క అక్కడ చెప్పనక్కర్లేదన్నాను.

విచారణ తేదీ రాకముందే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఫైల్ మళ్లీ పరిశీలించాం, వెనక కూర్చున్న వ్యక్తి క్లెయిమ్ చెల్లిస్తామని. వంద డాలర్ల డిడక్టిబుల్, అంటే పాలసీదారే భరించాల్సిన వాటా, పోగా మిగిలింది ఖాతాలో పడింది. ఇలాంటివి తరచు విచారణకి ముందే తేలిపోతాయి. లిఖితపూర్వకంగా ఒక ఉత్తర్వు వస్తే మిగతా ఫైళ్లకి కూడా పనికొస్తుందని నాకు ఆశ ఉంటుంది, క్లయింట్లకి డబ్బు వస్తే చాలు. వాళ్లదే న్యాయం.

ఇంట్లో మాత్రం కొత్త గొడవ మొదలైంది. బావమరిది డబ్బు వచ్చింది, బావది రాలేదు. మామగారు నా ఆఫీసుకొచ్చి కూర్చుని, మాట నములుతూ, "మా వాడిది వచ్చింది సంతోషమే. కానీ అల్లుడి మొహం చూడలేకపోతున్నాం బాబూ" అన్నారు. నేను టీ తెప్పించాను. అంతకు మించి నా చేతుల్లో లేదు.

క్లయింట్‌కి ఒక్క ఊరట దొరికింది. హైదరాబాద్ వచ్చాక రాడ్ దగ్గర ఇబ్బందై మళ్లీ చిన్న ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తర్వాత ఫిజియోథెరపీ. అది ఇక్కడి వైద్యం, అతని ఉద్యోగం తాలూకు గ్రూప్ మెడిక్లెయిమ్ కిందికి వస్తుంది. ట్రావెల్ క్లెయిమ్ పోయిందన్న దిగులులో ఆ సంగతే మర్చిపోయాడు. డిశ్చార్జ్ సమ్మరీలో పాత ప్రమాదం తేదీ, హనోయి ఆపరేషన్ వివరాలు దాచకుండా రాయించాం, క్లెయిమ్ గొడవ లేకుండా పాసైంది. హనోయి బిల్లు 7 లక్షల 60 వేలు మాత్రం అతని ఖాతా నుంచే పోయింది. దానికి ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొద్దని నేనే చెప్పాను. వెళ్లే హక్కు ఉంది, కానీ ఆ మూడు తేదీల కాగితాలు అక్కడా అదే వరసలో ఉంటాయి.

ఈ ఫైల్ తర్వాత నా దగ్గరికి పాలసీ చూపించడానికి వచ్చేవాళ్లని ఒకటే అడుగుతున్నాను, అక్కడ బండి నడుపుతారా అని. నడుపుతామంటే ఐడీపీ అట్ట ఫొటో పంపమంటాను. లోపలి పేజీలు తర్వాత చూస్తాను.

మొన్న క్లయింటే ఫోన్ చేశాడు. కాలు బాగానే ఉంది, డిసెంబరులో థాయ్‌లాండ్ అనుకుంటున్నారట. "అక్కడ 1949 చెల్లుతుంది కదా సార్?"

చెల్లుతుంది. థాయ్‌లాండ్ జెనీవా ఒప్పందంలో ఉంది, మోటార్ సైకిల్ గడిలో ముద్ర ఉండాలంతే. ఆ మాటే చెప్పాను. పక్క నుంచి బావమరిది గొంతు వినబడింది, ఈసారి తనకి కూడా ఒక స్కూటీ తీసుకోవచ్చా అని.

"టూవీలర్ లైసెన్స్ తీసుకున్నావా?" అన్నాను.

"ఇంకా లేదంకుల్."

వెనక కూర్చోమన్నాను.